రాజా ఆకలి

“చెప్పు, కోతి తిండి ఎక్కడికి పోతోంది?” జయంతీభాయ్ సేఠ్ మూడోసారి హిందీలో అడిగాడు.

లింగమూర్తి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బోనులో రాజా ఒరిగి పడి ఉంది. ఈ వారంలో అది పడిపోవడం మొదటిసారి కాదు.

సూరత్ శివార్లలో కామ్‌రేజ్ దగ్గరి ఆ జంతు సంరక్షణ కేంద్రం సేఠ్ ట్రస్టుది. కోతులాడించేవాడి దగ్గర పట్టుబడ్డ రాజాను అటవీశాఖ వాళ్లు అక్కడ అప్పగించారు. దానికి అరటిపళ్లు, బాదంపప్పులు, అంజీర్లు సేఠ్ ఇంటి నుంచే వచ్చేవి. తినిపించే పని లింగమూర్తిది. అంతకుముందు అతను సేఠ్ మగ్గాల షెడ్డులో పనిచేశాడు. అక్కడ మనిషి కళ్లు తిరిగి పడితే ముఖాన నీళ్లు చల్లి మళ్లీ మగ్గం ముందు నిలబెట్టేవారు. ఇక్కడ కోతి పడితే సేఠ్ కారేసుకుని వచ్చాడు.

“మార్కండేయుని మీద ఒట్టు సేఠ్‌జీ. దాని తిండిల ఒక్క గింజ నా నోట్లెకు పోలే,” అన్నాడు తనకొచ్చిన హిందీలోనే.

“మరెందుకు పడిపోతోంది? బెల్లం నీళ్లు తాగిస్తే లేచి కూర్చుంటోంది. ఆకలి కాకపోతే ఏంటి? పోలీసులను పిలుస్తా. నీ పని ఈ పూటతో సరి.”

మొగుడి ఫోన్ అందుకుని, తాము ఉండే వడోద్ బస్తీ నుంచి వచ్చిన వెంకటవ్వ గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టింది.

“ఏంది సేఠ్, గిట్ల మాట్లాడ్తవ్? పద్మశాలోళ్లం మేం. ఉపాసమన్న ఉంటం గని కోతి నోటికాడిది గుంజుకుంటమా? కోతులకు మస్తు పున్నెం చేస్తున్నవ్. జర మనుషుల దిక్కు గూడ సూడు!”

సేఠ్‌కు తెలుగు రాదు. అయినా రెండడుగులు వెనక్కి వేశాడు.

అంతలో పశువైద్యురాలు సింధూజ వచ్చింది. ఆమె తండ్రి కూడా మగ్గం పని కోసం సూరత్ చేరినవాడే. రాజా నెత్తుటి చుక్క తీసి చూసింది. షుగర్ బాగా తక్కువుంది.

“చూశారా! తిండి లేదు,” అన్నాడు సేఠ్.

“తొందరపడకండి సేఠ్‌జీ,” అని ఆమె హిందీలో చెప్పి, లింగమూర్తి వైపు తిరిగింది. “కాకా, ఫికర్ చెయ్యకు. టెస్టులు చేపిస్త.”

రిపోర్టులు వచ్చాక ఆమె సేఠ్‌కు వివరించింది. రాజా క్లోమంలో గడ్డ ఉంది. అది అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతోంది. అందుకే షుగర్ పడిపోతోంది.

“బోనుల్లో బతికే కోతుల్లో అరుదుగా కనబడుతుంది. కడుపు నిండా పెట్టినా ఇలాగే పడిపోగలదు. లింగమూర్తి తప్పేం లేదు.”

“తెలుగువాళ్లు, మీరు మీరు ఒకటే కదా,” అన్నాడు సేఠ్.

రిపోర్టులు అహ్మదాబాద్‌లో మరో డాక్టరుకు పంపించాడు. ఆయనా గడ్డేనన్నాడు. ఆపరేషన్ చేయాలనీ, అందాకా రెండు గంటలకోసారి తిండి పడకపోతే కోతి బతకదనీ చెప్పాడు.

సేఠ్ పనివాళ్లందరినీ పిలిచి, లింగమూర్తికి శాలువా కప్పాడు. ట్రస్టు గ్రూపులో పెట్టడానికి ఫొటో సరిగా రాలేదని మళ్లీ కప్పాడు.

“రేపటి నుంచి రాజాకు వాటా రెట్టింపు. అంతా నీ చేతి మీదుగానే,” అన్నాడు.

లింగమూర్తి కళ్లు తుడుచుకున్నాడు. వెంకటవ్వ కూడా తుడుచుకుంది.

“పేదోడి మాట నమ్మడానికి మీకు రెండు రిపోర్టులు కావాల్సొచ్చాయి,” అంది సింధూజ. సేఠ్ తల దించుకున్నాడు.

మొగుడూ పెళ్లాలను ఆమె తన కారులోనే వడోద్‌కు తీసుకెళ్లింది.

“చాయ్ తాగి పో బిడ్డా. నువ్వు లేకుంటె మా ఇజ్జత్ పోతుండె,” అంది వెంకటవ్వ.

“ఇంకోసారి అవ్వా,” అని సింధూజ వెళ్లిపోయింది.

లింగమూర్తి తలుపు వేశాడు.

వెంకటవ్వ అతని టిఫిన్ డబ్బా తెరిచి, కోతి బాదంపప్పులను ఎప్పటిలాగే సీసాలో పోసింది.