రంగు ఆరని ఏనుగు

మా అపార్ట్‌మెంట్లో ఏ రోజు ఏ అంతస్తుకు నీళ్ళు వదలాలో బల్ల మీద జరిగే బొమ్మల యుద్ధమే తేలుస్తుంది. మా అంతస్తు వరసగా ఓడిపోతోంది. కొన్న బొమ్మకు రంగు మనమే వేసుకోవాలి, అది ఆరందే బల్ల ఎక్కనివ్వరు. అందుకే సుభాషిణి వదిన కొత్త ఏనుగును ఫ్యాను కింద పెట్టి, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"వదినా, బొమ్మల కంపెనీ వాళ్ళు బొమ్మల బలాలు మళ్ళీ మార్చారు," అన్నాను ఫోను చూస్తూ. "ఏనుగు బలం సగానికి తగ్గించేశారు."

"అదేంటే! అన్నిటికంటే ఇదే బలమైందని పొద్దున్నేగా చెప్పారు?"

"ఇప్పుడు గద్దట. పై అంతస్తు వాళ్ళు అప్పుడే కొనేశారు."

గద్దను మేమూ తెప్పించుకోవచ్చు. దాని రంగు ఆరేలోగా అంతకంటే బలమైంది ఇంకోటి అమ్మకానికి దిగుతుంది. వదిన కుంచె కడగడానికి గ్లాసు అందుకుంది.

"అందులో ముంచొద్దు వదినా! ఇంట్లో మిగిలినవి ఆ నీళ్ళే."