ఇది ఆ చప్పుడు కాదు

"ఇది ఆ చప్పుడు కాదు," అంది మామా, పరదా అవతల నుంచి.

అమీనాబీకి తల ప్రాణం తోకకొచ్చింది. మిషన్ బాగుచేయించడం ఇది మూడోసారి.

దుబాయ్‌లోని డేరా పేటలో, ఆ అరబ్బుల ఇంట్లో పెద్దాయనను బాబా అనాలి, ఆయన భార్యను మామా అనాలి. రాయచోటి నుంచి పనికొచ్చిన కొత్తలో అమీనాబీకి నవ్వాగేది కాదు. మేనమామను పిలిచినట్టు ముసలమ్మను పిలవడమేమిటి? పోను పోను అదే అలవాటైపోయింది.

మిషన్ బాబాది. ఆయనకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. డాక్టర్లు లండన్ నుంచి తెప్పించారు. ఎనభై ఎనిమిదిలో దుబాయ్ అంతా వెతికినా అలాంటివి నాలుగైదు ఉండేవేమో. అటాచీ పెట్టెంత ఉంటుంది. లోపల మోటారు, దానికో పొడవాటి గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించే రబ్బరు మాస్కు. వేశారంటే గాలి ఊదుతూనే ఉంటుంది. వినేవాళ్లకు అది రొద. మామాకు మాత్రం జోలపాట. బాబా మంచం పక్కనే తన మంచం వేయించుకుని, కొన్నేళ్లుగా ఆ చప్పుడు వింటూనే పడుకుంది మహాతల్లి.

రంజాన్ నెల వెళ్లకముందే, చప్పుడు మారిపోయిందని పట్టుకుంది. ఇక నిద్ర లేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం, వచ్చి పడుకోవడం, తస్బీ పూసలు తిప్పడం, మళ్లీ లేవడం. ఆమెతో పాటు అమీనాబీకీ జాగారమే. కొత్త మిషన్ తెప్పిస్తానని కొడుకు రాషిద్ అంటే ఒప్పుకోలేదు. ఇదే కావాలట. దీని పాత చప్పుడే కావాలట.

అమీనాబీ తొందర అమీనాబీది. ఊళ్లో కూతురికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు. తల్లి పక్కన లేకపోతే ఎలా? సెలవడిగితే రాషిద్ ఒకటే మాటన్నాడు. మా అమ్మ కంటినిండా నిద్రపోనీ, మర్నాడే నీ పాస్‌పోర్టు చేతిలో పెడతానన్నాడు. ఇంటి సంగతులు బయటివాళ్ల దగ్గర నోరు జారొద్దని కూడా గట్టిగా చెప్పాడు.

ఆ మర్నాడు ఎంతకీ రావడం లేదు.

మిషన్ బాగుచేసేది లింబాద్రి. జగిత్యాల వైపు మనిషి. ఏసీలు, వాక్యూమ్ క్లీనర్లు రిపేరు చేసే దుకాణంలో పని. అతను వచ్చినప్పుడల్లా రెండు మంచాల మధ్య పరదా లాగేస్తారు. పరాయి మగాడి కంట పడదు మామా. మొదటిసారి లోపలి స్పాంజి నిండా ఇసుకదుమ్ము ఉందని కడిగి తెచ్చాడు. రెండోసారి గొట్టానికి సన్నటి చీలిక కనిపెట్టి టేపు చుట్టాడు. ఈసారి మోటారు కింద కొత్త రబ్బరు ముక్కలు వేసి, ఎండలో మోసుకొచ్చాడు. ఏం లాభం? ఆమె చెవికి ఏదీ ఆనలేదు.

"అక్కా, దుకాణంల నేనే ముక్కుకు పెట్టుకొని చూసిన. మంచిగనే ఉన్నది," అన్నాడు నొచ్చుకుంటూ.

దిండు మీదున్న మాస్కు బుస్సుమని ఒకటే గాలి వదులుతోంది.

"ఒక్కపారి బాబా మొకానికి పెట్టినంక వినాలె. ఆయినను రమ్మనరాదు?"

"అది కుదిరే పని కాదు నాయనా. నువ్వే పెట్టుకుని పడుకో."

లింబాద్రి అదిరిపడ్డాడు. అరబ్బు మంచం మీద తను పడుకోవడమా? ఎవరైనా చూస్తే వీసా ఖలాస్ అని గొణిగాడు.

"బాబా ఏమీ అనడులే," అంది అమీనాబీ. "పడుకో."

భయపడుతూనే మంచం అంచున నడుం వాల్చి, మాస్కు పట్టీలు తలకు బిగించుకున్నాడు. బుస తగ్గింది. అతని ఊపిరితో పాటు చప్పుడు మెల్లగా లేచింది, మెల్లగా దిగింది. మళ్లీ లేచింది, దిగింది.

పరదా అవతల తస్బీ పూసలు నెమ్మదించాయి. కాసేపటికి ఆగిపోయాయి.

అమీనాబీ కదిలితే ఒట్టు. కూతురి నిండు కడుపు కళ్ల ముందు మెదిలింది.

లింబాద్రి మాస్కు తీశాడు. గాలి బుస్సుమంది. పూసలు మళ్లీ కదిలాయి.

"దొరికిందక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "మిషన్ల ఏం లేదు. మాస్కు మొకానికి సరిగ్గ పెడ్తలేరు, గాలంత ఇవుతలికే పోతున్నది. పట్టీలు గట్టిగ బిగియ్యుమను. ఇగ నువ్వు నిమ్మళంగ ఊరికి పో."

సామాను సర్దుకుని, పెద్ద భారం దిగినట్టు హుషారుగా వెళ్లిపోయాడు. అమీనాబీ అతని వెనకే తలుపు వేసి వచ్చింది.

వంటింటి పక్క ఆమె గదిలో, మంచం కింద పెట్టె ఉంది. పుట్టబోయే బిడ్డకు కొన్న మెత్తటి దుప్పటి, పాలడబ్బాలు, సబ్బులు ఎప్పుడో సర్దేసుకుంది. ఇక దాన్ని విప్పక తప్పదని తెలిసిపోయి ఆమెకు ఏడుపొచ్చింది.

పరదా అవతల నుంచి మామా పిలిచింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"అమీనా, ఇందాకటి చప్పుడేదీ?"

అమీనాబీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాబా మంచం మీద పడుకుని, మాస్కు తన ముక్కుకు తగిలించుకుని పట్టీలు బిగించింది. నిదానంగా ఊపిరి పీల్చింది, వదిలింది.

రంజాన్‌లో బాబాను మట్టి చేసిన రోజు నుంచి కన్ను మూయని మామా, పరదా అవతల చిన్నగా గురక పెట్టింది.