జబ్బు గడి

“ఎన్నిసార్లు చెప్పాలె? రేపటిసంది సంగమ్మ వంటింట్లకు రావొద్దు,” అంది శకుంతలమ్మ.

ఏళ్లుగా ఈ ఇంట్లో వంట చేస్తున్న మనిషి ఉన్నట్టుండి ఎందుకు పనికిరాకుండా పోయిందో కోడలు సమతకు అర్థం కాలేదు.

“ఆమెకు టీబీ ఉండెనట. చేవెళ్ల దవాఖాన కౌంటర్ కాడ కంప్యూటర్ల చూసి చెప్పిండ్రు.”

“ఉండెనంటే ఇప్పుడు లేనట్టే కద అత్తమ్మా.”

శకుంతలమ్మ వినలేదు. మొయినాబాద్‌లో మిగతా ఇళ్లవాళ్లు సంగమ్మను అప్పుడే మాన్పించారట.

సమతను మరో సందేహం పట్టుకుంది. కౌంటర్ తెర మీద పేరు, టోకెన్, డాక్టరు లాంటివే కనిపించాలి. జబ్బు ఎలా కనిపించింది?

హైటెక్ సిటీ ఉద్యోగం మానేశాక, ఆ దవాఖానకు కొత్త ప్రోగ్రాం రాసిచ్చింది తనే.

పాత ప్రోగ్రాం రికార్డులను నేరుగా తెచ్చుకునేది కాదు. రికార్డులుండే డేటాబేస్‌లోనే ఒక ప్రొసీజర్, అంటే ఎవరికి ఏం చూపించాలో చెప్పే ఆదేశాల వరుస, రాసిపెట్టి ఉండేది; దాన్ని పేరుతో పిలిచేది. అది ఇచ్చినంతే చూపించేది. ఈ చుట్టుతిరుగుడు ఎందుకని సమత దాన్ని తీసేసి, రికార్డు మొత్తం తెప్పించింది.

ఆ రోజుల్లోనే పాత ప్రోగ్రాం రాసిన స్వామిదాసు ఇంటికి వచ్చాడు. ప్లాట్ల బ్రోకర్ అనుకుని మామగారు మాణిక్యం గేటు దగ్గరే ఆపేశాడు.

“భూమి కోసం రాలే అన్నా. ఆ ప్రొసీజర్ తీయొద్దని మీ కోడలికి చెప్పు,” అని వెళ్లిపోయాడు.

తన పని పోయిందని బాధపడుతున్నాడని ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. సమత కూడా నవ్వింది.

ఇప్పుడు పాత కాపీ తెరిచి ఆ ప్రొసీజర్ చదివింది. కౌంటర్ వాళ్లు అడిగితే అది అన్ని గడులూ ఇచ్చేది, జబ్బు గడి తప్ప.

తన ప్రోగ్రాం ఇంకా ఎవరెవరి జబ్బులు బయటపెట్టిందో అనుకుంటూ రికార్డులు చూస్తూ పోయింది. ఒక పేరు దగ్గర చెయ్యి ఆగింది.

శకుంతలమ్మ, భర్త మాణిక్యం, మొయినాబాద్. టీబీ.

తను కోడలిగా రాకముందటి సంగతి. ఇంట్లో ఎవరూ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. కౌంటర్‌లో కూడా ఇంకా ఎవరి కంటా పడినట్టు లేదు.

వెంటనే పాత ప్రొసీజర్‌ను తిరిగి పెట్టేసింది. స్వామిదాసు కోసం దవాఖానకు ఫోన్ చేస్తే, అద్దె గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడన్నారు.

అన్నాల దగ్గర సమత తలెత్తకుండా చెప్పింది.

“స్వామిదాసు వచ్చింది తన పని కోసం కాదు మామా. మనింటి మనిషి పరువు కోసం.”

సంగమ్మ గురించే అనుకుని మాణిక్యం తలూపాడు.

శకుంతలమ్మ మాత్రం గరిటె పక్కన పెట్టి కోడలి వైపు చూసింది.

“సంగమ్మ రేపు ఎప్పటి లెక్కనే వంటకు వస్తది,” అని మెల్లగా అందరికీ చెప్పింది.