దానికి కాళ్లొచ్చాయి

బండల మధ్య గుంటలో నీళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. అందులో ఈదే తోక కప్పపిల్లలకు, రాయి మీద కూర్చున్న లకుముకిపిట్ట రోజూ ఒకటే మాట చెప్పేది.

"సర్దుకుపోవాలమ్మా. నీళ్లు తగ్గితే మీరే కాస్త దగ్గరగా జరగండి."

పిల్లలు జరిగేవి. ఎంత మంచి పిట్టో అనుకునేవి.

మిరియం అనే కప్పపిల్లకు మాత్రం అనుమానం. "అక్కా, నిన్న నలభైమందిమి ఉన్నాం. ఇవాళ ముప్ఫై. మిగతావాళ్లు ఎటు పోయినట్టు?"

"దానికి కాళ్లొచ్చాయి, అందుకే ఈ ప్రశ్నలు," అంది అందరిలోకీ పెద్దదైన అక్క.

నిజంగానే మిరియం తోక పక్కన కాళ్లు మొలిచాయి. మిగతావాటికీ మొలుస్తున్నాయి గానీ, నలుగురూ ఏమంటారోనని తోక కింద దాచుకుంటున్నాయి.

"కాళ్లొచ్చిన పిల్ల గుంట పరువు తీస్తుంది, జాగ్రత్త," అంది లకుముకి.

మిరియం దాని ముక్కు వైపే చూసింది. ముక్కు చివర నల్లటి తోకముక్క ఒకటి అంటుకుని ఉంది.

"అక్కా, ఆ ముక్కు చూడు. మనం సర్దుకున్నకొద్దీ దానికి వేట సులువవుతోంది. నేనిక సర్దుకోను, మారతాను. ఈ బండ పగుల్లోంచి పాకితే కింద వాగుంది."

మిరియం పగుల్లోకి పాకింది. లకుముకి ముక్కు అందులో పట్టలేదు.

"పోతే పోనీ," అంది పిట్ట తీయగా. "మీరు ఇంకాస్త దగ్గరగా జరగండి."

ఈసారి ఎవరూ జరగలేదు. పెద్దక్క పగులు దగ్గరికెళ్లి గొంతు తగ్గించింది.

"ఒసే మిరియం, ఆగవే. నాకు వారం కిందటే వచ్చాయి."