కిటికీ బయటి గొంతు

“దెబ్బ పక్కకు పడతా ఉండాదప్పా.”

వెంకటరమణ తల ఎత్తలేదు. చేతిలో ఉంగరం, దాని గూటిలో ఆవగింజంత కెంపు. చిన్న సుత్తితో అంచు మడిచి రాయి బిగించే వేళ ఎవరు పలకరించినా అతనికి ఒళ్లు మండుతుంది.

నగర్తపేటలో ఇరుకు సందు. అందులో నాగరాజు నగల కార్ఖానా. కిటికీ కింద, సందులోకి ఒక అరుగు. ఆ అరుగు మీద కూర్చున్న ముసలాయన గొంతు అది.

“నీకెట్ల తెలుసు?”

“చప్పుడు వింటే తెలీదా. షుగరు ఉండాదా నీకు? టీలో చక్కెర వద్దంటివే.”

“ఉంటే?”

“కండ్లు చూపిచ్చుకున్నావా?”

“పోయిన నెలే అద్దాలు మార్చినా.”

“అద్దాలంగడి కాదప్పా. పెద్దాసుపత్రికి పో. చుక్కల మందేసి, కంటి లోపలి పొర చూస్తారు. నొప్పి ఉండదు, ఏమీ తెలీదు. తెలిసే పొద్దుకు అంతా అయిపోయుంటాది.”

వెంకటరమణ మళ్లీ సుత్తి అందుకున్నాడు. నలభై మూడేళ్లవాడు. ఆరేళ్లుగా మాత్రలు మింగుతున్నాడు, తీపి మానేశాడు. అంతకంటే ఇంకేం చెయ్యాలి? పైగా పెళ్లిళ్ల కాలం, చేతినిండా పని.

మరుసటి మంగళవారం మళ్లీ అదే గొంతు.

“పోయినావా?”

“పోతాలే.”

ఆ పై మంగళవారం కూడా.

“పోయినావా?”

“నీకెందుకంత అక్కర? మనిషికింత అని ఆసుపత్రోళ్లు కమిషన్ ఇస్తారా?”

“ఎవురిచ్చినా ఇవ్వకున్నా, నువ్వు పోయి చూపిచ్చుకో నాయనా.”

ఆ వారమే ఒక గిరాకీ ఉంగరంలోంచి రాయి ఊడిపోయింది. ఇరవై ఏళ్ల పనితనంలో ఎన్నడూ లేని మాట. నాగరాజు అందరి ముందూ గట్టిగా అరిచాడు.

మంగళవారం ముసలాయన రానే వచ్చాడు.

“రాయి ఊడిందంట కదప్పా. ఇంకన్నా పో.”

వెంకటరమణ లేచి బయటికొచ్చాడు. ముసలాయన భుజం పట్టుకొని అరుగు మీద నుంచి లాగాడు.

“నీ నోటి వల్లనే ఇట్లయింది. ఇంకోసారి ఈ సందులో కనపడితే పోలీసోళ్లకు పట్టిస్తా.”

ముసలాయన తూలి గోడ పట్టుకున్నాడు. దాన్నే తడుముకుంటూ సందు దాటి పోయాడు. గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న నాగరాజు, ఏమీ అనకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ముసలాయన రాలేదు.

మరుసటేడు శ్రావణంలో ఒక పొద్దున, పళ్లు తోముకుంటుంటే వెంకటరమణ కుడి కంట్లో నల్లటి పోగులు తేలాయి. నీళ్లలో సిరా ఒలికినట్టు అవి మెల్లగా పరుచుకున్నాయి. మధ్యాహ్నానికి ఆ కన్ను చీకటి. ఎడమ కన్ను మసకబారి అప్పటికే చాలా రోజులైంది. అద్దాల తప్పనుకున్నాడు.

“కంటి లోపల పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?” ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

“నిరుడు వచ్చుంటే లేజరుతో చూపు నిలబెట్టేవాళ్లం.”

ఆపరేషనైంది. వెలుతురు తెలుస్తోంది. మనుషులు మరకల్లా కదులుతున్నారు. అంతే.

“కొన్నాళ్లు ఇంట్లో ఉండు, నేనే పిలుస్తా,” అన్నాడు నాగరాజు. పిలవలేదు.

ఇంట్లో కూర్చున్నవాడికి ఆ గొంతు వినపడుతూనే ఉంది. భార్య సుజాతను పంపి సందు చివర టీ అంగట్లో వాకబు చేయించాడు. ఆయన పేరు నారాయణప్ప, ఊరు హొసకోటె అన్నారు. ఒక ఆదివారం సుజాత చెయ్యి పట్టుకొని రెండు బస్సులు మారి వెళ్లాడు. కాళ్లు పట్టుకోవాలనుకున్నాడు.

తలుపు తీసింది నారాయణప్ప భార్య పార్వతమ్మ.

“ఆయన పోయి ఐదు నెలలాయె. షుగరే. కిడ్నీలు తినేసింది,” అంది చాప పరుస్తూ.

వెంకటరమణ తడుముకుంటూ చాప మీద కూర్చున్నాడు.

“అమ్మా, నేను నగర్తపేటలో…”

“తెలిసెలే, వెంకటరమణవి కదా. మంగళవారం వస్తే ఆయన ఇంట్లో నిలబడుతుండలేదు. కండ్లు లేని మనిషి, వాళ్లనీ వీళ్లనీ దారి అడుక్కుంటా నీ కాడికే వస్తుండె.”

“కండ్లు లేవా?”

ఆమె ఆశ్చర్యంగా సుజాత వైపు చూసింది. వెంకటరమణ తల దించుకున్నాడు. ఆ మనిషి ముఖం తను ఒక్కసారీ సరిగా చూడలేదు.

“ఆయనను నేను అరుగు మీద నుంచి ఈడ్చేస్తినమ్మా.”

“చెప్పినాడు. నీ మింద కోపం లేదు. నన్నేం చేసినా సరే, వాడు ఆసుపత్రికి పోతే చాలు అనె.”

“నేనెవురని అంత అక్కర, అమ్మా? నాకూ ఆయనకూ ఏం సంబంధం?”

పార్వతమ్మ అతని ఎదురుగా కూర్చుంది.

“నాగరాజు నీకు చెప్పనేలేదా? నువ్వు రాకముందు, షుగరుతో కండ్లు పోయే దాకా, పదహారేండ్లు ఆ కార్ఖానాలో రాళ్లు పొదిగినోడు ఆయనే కదప్పా.”