ఒక్క పిలుపు

రాత్రిపూట ఎవరైనా ఒక్కసారే పిలిస్తే పలకొద్దని, రెండోసారి పిలిస్తేనే మనిషని అమ్మ చెప్పేది. ఆ మాట నమ్మి, చెల్లెలు దవాఖానలో పోయిన రాత్రి వాకిట్లో వినిపించిన "అన్నా"కు భిక్షపతి పలకలేదు. పిలిచింది ఆమేనా అన్న అనుమానం ఏళ్లుగా అతన్ని వదల్లేదు.

రాత్రంతా క్యాబ్ నడిపే అతన్ని మణికొండలో పగలు తెలంగాణ ఉద్యమ ఊరేగింపుల డప్పులు పడుకోనివ్వడం లేదు. అందుకే బయటి చప్పుడు ఆపే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొందామని రాత్రి డ్యూటీకి పోతూ మాదాపూర్‌లో ఒక దుకాణానికి వచ్చాడు.

మూడో జత కూడా విసుగ్గా తీసేశాడు.

"ఇది గూడ గంతే. అన్ని ఆగుతున్నయ్, పెట్టినప్పుడల్లా ఒక్కసారి పిలిచే ఆ ఆడగొంతు ఆగుతలేదు."

"దుకాణంల ఆడోళ్లెక్కడున్నరన్నా?" దుకాణందారు నరహరి నవ్వాడు. "జర జల్ది తేల్చు. రేపు బంద్, షటర్ ఏస్తున్న."

భిక్షపతి రాజన్న దేవుడికి దండం పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌తో మళ్లీ చెవులు మూసుకున్నాడు. ఫ్యాను గరగర, జనరేటర్ హోరు ఆగిపోయాయి. ఎడమ చెవి పక్కనే, మెల్లగా, "అన్నా."

ఎదురుచూశాడు. రెండో పిలుపు రాలేదు.

"ఆఁ, చెల్లె," అన్నాడు గట్టిగా.

పాత బాకీ తీరినట్టు గుండె తేలికపడింది.

"ఇగ పలికినవా?" అంది గొంతు. "పా, పోదాం."