ఏడుపు పరీక్ష

సరిగ్గా లోపలికి పిలిచే సమయానికే చిలక గొంతు తడారిపోయింది.

చిలక అన్నది అతని అసలు పేరు కాదు. రైలు కూత మొదలుకొని ప్రెషర్ కుక్కర్ ఈల వరకు దేనినైనా గొంతులో పలికించగలడు గనుక అందరూ అలా పిలుస్తారు. ఆ రోజు, శ్రవ్య నాటకాలు తయారుచేసే ఒక స్టూడియోలో, శబ్దాలు సృష్టించే ఉద్యోగానికి పరీక్ష. ఇది తప్పిపోతే మరునాటి నుంచి బావ ఇనుప సామాను దుకాణంలో కూర్చుని మేకులు తూచవలసిందే. ఆ మాట బావే స్వయంగా సెలవిచ్చాడు.

"గుండె దడదడలాడుతోందక్కా. చేతులు చూడు, మంచుగడ్డలు."

తోడు వచ్చిన అక్క కళాశాలలో జీవశాస్త్రం బోధిస్తుంది. తమ్ముడి భయం ఆమెకు ఒక పాఠంలా కనిపించింది.

"నీ తప్పేం లేదురా. కిడ్నీల మీద టోపీలు పెట్టినట్టు రెండు గ్రంథులుంటాయి. నువ్వు భయపడగానే అవి అడ్రినలిన్‌ని రక్తంలోకి వదుల్తాయి. పులి ఎదురైనా అంతే, పరీక్షైనా అంతే. వాటికి తేడా తెలీదు."

"చెప్పొచ్చుగా వాటికి, లోపలున్నది పులి కాదని!"

"గ్రంథులు ఎవరి మాటా వినవురా. వాటి దారి వాటిదే."

"అచ్చం బావలాగా."

"నోర్మూసుకుని మంచినీళ్ళు తాగు."

లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకరు రచయిత, ఒకరు సౌండ్ ఇంజనీరు, నడుమ డైరెక్టరు. ఆవిడ సుదీర్ఘమైన సెలవు ముగించుకొని ఆ రోజే విధుల్లో చేరారట. తుది నిర్ణయం ఆవిడదే.

చిలక రైలును నడిపించాడు. ఇంజనీరు తల ఊపాడు. తుప్పు పట్టిన తలుపు తెరిచాడు, వాన కురిపించాడు, రెండు కుక్కలకు జగడం పెట్టాడు. రచయిత పొట్ట పట్టుకుని నవ్వాడు. డైరెక్టరు పెదవులు మాత్రం కదలలేదు. ఆవిడ రెండుసార్లు సెల్‌ఫోను వైపు, ఒకసారి గోడ గడియారం వైపు చూశారు.

"ఇవన్నీ మా కంప్యూటర్లో ఉన్నాయండీ," అన్నారు చివరికి. "ఒక్క మీట నొక్కితే వస్తాయి. ఇంక మీరెందుకు మాకు?"

టోపీలు రెండూ మళ్ళీ పనిలోకి దిగాయి.

రచయితకు జాలి కలిగింది. "పోనీ, పసిపిల్ల ఏడుపు వినిపించవయ్యా. మారాం ఏడుపు కాదు, ఆకలి ఏడుపు."

ఆ తేడా చిలకకు క్షుణ్ణంగా తెలుసు. మేనకోడలిని నెలల పిల్లగా ఉన్నప్పుడు భుజాన వేసుకుని తిరిగినవాడు. కళ్ళు మూసుకున్నాడు. మొదట చిన్న మూలుగు. తరువాత పిడికిలి చప్పరిస్తున్న సవ్వడి. పిడికిట్లో ఏమీ లేదని తెలిసినట్టు ఒక వెక్కు. ఆపైన ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా కేర్‌మన్నాడు.

కుర్చీ కిర్రుమంది. అది అతను చేసిన శబ్దం కాదు. కళ్ళు తెరిచాడు.

డైరెక్టరు లేచి నిలబడి ఉన్నారు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. బల్ల మీది ఫైలును గుండెలకు గట్టిగా అదుముకున్నారు.

"చాలు! ఆపండి!"

అంతే. ఎవరి వైపూ చూడకుండా, ఇంచుమించు పరుగున గది దాటి వెళ్ళిపోయారు.

ఇంజనీరు తెరిచిన నోరు మూయలేదు. రచయిత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడకింత కోపం రావడం నేనెప్పుడూ చూళ్ళేదయ్యా."

చిలక కాళ్ళీడ్చుకుంటూ బయటికి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏమైందిరా?"

"మేకులు," అన్నాడు నీరసంగా. "బావకి ఫోన్ చెయ్యి. తక్కెడ తుడిచి పెట్టమను."

"అంత ఘోరంగా ఏడ్చావా?"

"భరించలేక లేచి పారిపోయిందక్కా ఆవిడ. కుక్కల కొట్లాటని కూడా ఓర్చుకున్న మనిషి!"

అక్క ఒక క్షణం ఆలోచించింది. "వెళ్ళి తప్పయిందని చెప్పు. ఇంకో అవకాశం ఇమ్మని బతిమాలు. పోయేదేముంది?"

ఆత్మాభిమానం అడ్డు వచ్చింది. అంతలో మేకులు కళ్ళముందు మెదిలాయి. ఆత్మాభిమానం పక్కకు తప్పుకుంది.

డైరెక్టరు గది తలుపు ఓరగా వేసి ఉంది. తట్టడానికి చెయ్యి ఎత్తిన చిలక, లోపల ఆవిడ ఫోనులో మాట్లాడుతుండటం విని ఆగిపోయాడు.

"ఉద్యోగం అతనికి తప్ప ఇంకెవరికీ ఇవ్వను గానీ, అమ్మా, ముందు ఎవరిచేతైనా నాకో జాకెట్టు పంపించు, పాప ఇంట్లో నీ ఒళ్ళో నిద్రపోతోందని తెలిసి కూడా, అతనలా ఏడ్చేసరికి నాకు పాలు చేపుకొచ్చేశాయి!"